ర్యామ్ ప్యాక్ మీద పడ్డ నింద

పాత కంప్యూటర్ల గురించి రాసేవాళ్ల దగ్గర తీర్పు ఒకటి సిద్ధంగా ఉంటుంది. 1980లలో ఇళ్లలోకి వచ్చిన చిన్న కంప్యూటర్లకు మెమరీ పెంచుకోవడం ఎంత నరకమో ముందు వర్ణిస్తారు. వెనక తగిలించిన డబ్బా కదిలితే మెషీన్ ఆగిపోయేదట. మెమరీ పెంచగానే నిన్నటిదాకా ఆడిన ఆట ఆడేది కాదట. సగం చచ్చిన చిప్‌లు పెట్టి అమ్మారట. డబ్బు పోసి కొన్న మెమరీని గ్రాఫిక్స్ చిప్‌లు ముట్టుకోలేకపోయేవట. ఇంతా చెప్పి చివర్న ఓ మాట విసురుతారు: కంపెనీలు పిసినారివి, ఇంజినీర్లు చేతకానివాళ్లు.

పాత మెషీన్‌ను విప్పి చూపించే వీడియోల్లో ఇదే పాట, చరిత్ర పుస్తకాల్లో ఇదే పాట. వినీ వినీ అందరూ నమ్మేశారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మెతుకులన్నీ ఒకే కుండలోవైతే ఆ మాట నిజమే. ఇక్కడ పట్టి చూసిన మెతుకు జెడ్‌ఎక్స్81 ర్యామ్ ప్యాక్ ఊగడం. దాన్ని చూపించి విక్-20ని, స్పెక్ట్రమ్‌ను, అమీగాను ఒకే గాటన కట్టేశారు. వాటిలో వింతలు ఉన్న మాట కాదనను. ఆ వింతల్లో చాలా భాగం లెక్క వేసి, బేరం కుదుర్చుకుని పెట్టినవి. ఆ లెక్క చూడకుండా చేతకానితనం అనేవాళ్లతోనే నా పేచీ.

ఊగే ప్యాక్‌తోనే మొదలుపెడదాం, వాళ్ల బలమంతా అక్కడే కాబట్టి. 1981 మార్చిలో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ జెడ్‌ఎక్స్81ను అమ్మకానికి పెట్టింది. విడిభాగాలు తెచ్చుకుని సొంతంగా టంకం వేసుకుంటే 49.95 పౌండ్లు, బిగించింది కావాలంటే 69.95. లోపలున్న మెమరీ 1కె, అంటే 1024 బైట్లు. 16కె ర్యామ్ ప్యాక్‌కు మరో 49.95 పౌండ్లు పెట్టాలి. ఆ ప్యాక్‌ను మెషీన్ వెనక సర్క్యూట్ బోర్డు అంచుకు నేరుగా తొడగడమే. స్క్రూ లేదు, కొక్కెం లేదు. కీబోర్డేమో చదునైన ప్లాస్టిక్ పొర, గట్టిగా నొక్కితే గాని అక్షరం పడదు. నొక్కినప్పుడల్లా పెట్టె కదులుతుంది, దాంతోపాటు ప్యాక్ ఊగుతుంది, క్షణం పాటు కాంటాక్టు తప్పితే చాలు, టైపు చేసిన ప్రోగ్రామంతా గాలికి పోతుంది. బ్రిటిష్ కుర్రాళ్లు దీనికి ‘ర్యామ్ ప్యాక్ వాబుల్’ అని పేరే పెట్టారు. బ్లూ టాక్ ముద్దలతో, టేపుతో అతికించుకుని కాలక్షేపం చేశారు.

ఇది తప్పే. దీన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. కానీ ఎక్కడి తప్పు? బిగింపులో తప్పు. ప్యాక్‌ను పట్టి ఉంచే ఏర్పాటు ఒకటి ఉంటే పోయే తప్పు. లోపలి మెమరీ ఎలా అమరింది, మెషీన్ దాన్ని ఎలా వాడుకుంది అన్న ప్రశ్నకూ దీనికీ సంబంధం లేదు. ఊగుడు గురించి పేజీలు నింపేవాళ్లు ఆ రెండో ప్రశ్న దగ్గరికే రారు. అసలు సంగతంతా అక్కడుంది.

దీనికి ముందు వచ్చిన జెడ్‌ఎక్స్80లో 21 చిప్‌లు ఉండేవి. జెడ్‌ఎక్స్81లో వాటిని నాలుగుకు కుదించారు. బొమ్మను స్క్రీన్ మీదికి పంపే పనిలో ఎక్కువ భాగాన్ని ప్రాసెసర్ చేతనే చేయించడం దీనికి ఒక ఉపాయం. 24 వరుసలు, వరుసకు 32 అక్షరాలు, ప్రతి వరుస చివర ఒక గుర్తు, మొదట్లో ఇంకొకటి, వెరసి నిండు స్క్రీన్‌కు 793 బైట్లు కావాలి. మెషీన్ సొంత లెక్కలకు 125 బైట్లు పోతాయి. ఉన్నవే 1024. ఇక మిగిలే 106 బైట్లలో ప్రోగ్రామ్ ఏం రాస్తారు? అందుకని మెమరీ మూడుంపావు కె కన్నా తక్కువుంటే స్క్రీన్‌ను ముడిచేశారు. ఖాళీ స్క్రీన్ అంటే 25 వరుస గుర్తులు, అంతే. అక్షరం పడితేనే ఆ వరుస పెరుగుతుంది. ప్యాక్ తగిలిస్తే మెషీన్ ఆ సంగతి గమనించి, స్క్రీన్‌ను పూర్తిగా విప్పి 793 బైట్లూ ముందే కేటాయిస్తుంది. స్క్రీన్ మెమరీలోకి నేరుగా విలువలు తోసే ప్రోగ్రామ్ 16కె మీద చక్కగా నడిచి 1కె మీద బోల్తా పడడానికి కారణం ఇదే. దీన్ని అస్థిరత అని విమర్శిస్తారు. నేనైతే 1024 బైట్లలో ఇంతకన్నా మర్యాదైన సర్దుబాటు చూడలేదు. ఉన్నవాడికి ఉన్నట్టు, లేనివాడికి లేనట్టు పంచిన మెషీన్ అది.

పెద్ద ప్యాక్‌ల మీద ఇంకో నింద ఉంది. మెమోటెక్ లాంటి కంపెనీలు 64కె ప్యాక్‌లు కూడా తెచ్చాయి. కొన్నవాళ్లకు తెలిసిందేమిటంటే 32768వ అడ్రస్ దాటాక మెషీన్ కోడ్ నడవదు, అక్కడ డేటా పెట్టుకోవచ్చంతే. మోసమన్నారు. ప్రాసెసర్ చేత బొమ్మ గీయించే ఉపాయం అన్నానే, దాని కిటుకంతా ఆ గీత దగ్గరే ఉంది. ప్రాసెసర్ స్క్రీన్ మెమరీని పై సగం అడ్రస్‌ల దగ్గర ప్రోగ్రామ్‌లా చదవబోతుంది. పక్కనున్న యూఎల్ఏ చిప్ అక్షరాన్ని తను అందుకుని, ప్రాసెసర్‌కు మాత్రం ‘ఏమీ చేయకు’ అనే ఆదేశం అందిస్తుంది. పై సగంలో మీరు నిజంగా కోడ్ పెట్టినా యూఎల్ఏకు అది స్క్రీన్‌లాగే కనిపిస్తుంది. ప్యాక్‌లో ఎంత ఖరీదైన చిప్ పెట్టినా ఇది మారదు. 69.95 పౌండ్లకు కంప్యూటర్ దొరకడానికి కారణమైన కిటుకూ 32కె దాటనివ్వని కిటుకూ ఒకటే. ఒకదాన్ని పొగిడి రెండోదాన్ని తిట్టడం కుదరదు.

విక్-20 మీద నింద ఇంకా విచిత్రమైనది. 1981లో అమెరికాలో 299.95 డాలర్లకు వచ్చిన ఈ కమొడోర్ మెషీన్ పది లక్షలు దాటి అమ్ముడైన తొలి కంప్యూటర్. లోపల 5కె మెమరీ, బేసిక్‌కు మిగిలేది 3583 బైట్లు. 3కె కార్ట్రిడ్జ్ తగిలిస్తే 6655 అవుతుంది. 8కె తగిలిస్తే 11775. ఇంతవరకు బాగానే ఉంది. 8కె పెట్టగానే స్క్రీన్ మాత్రం 7680వ అడ్రస్ నుంచి 4096కు వెళ్లిపోతుంది. రంగుల మెమరీ కూడా జరుగుతుంది. బేసిక్ ప్రోగ్రామ్ మొదలయ్యే చోటు 4097 కాస్తా 4609 అవుతుంది. 3కె, 8కె రెండూ కలిపి పెడితే 3కె ముక్కను బేసిక్ పట్టించుకోనే పట్టించుకోదు, అదే 11775 చూపిస్తుంది. మామూలు మెషీన్ కోసం రాసిన ఆట ఆడాలంటే మెషీన్ ఆపి, కార్ట్రిడ్జ్ పీకి, మళ్లీ ఆన్ చేయాలి. మెమరీ పెరిగితే మెషీన్ చేతకానిదైపోతుందా అని ఇప్పటికీ నవ్వుతారు.

నవ్వే ముందు కాగితం మీద ఓ గీత గీసి అడ్రస్‌లు గుర్తు పెట్టుకుంటే బాగుండేది. మొదటి 1కె మెషీన్ సొంతానికి. ఆ తర్వాత 3కె ఖాళీ. 4096 నుంచి 8191 దాకా లోపలి 4కె, దాని చివరి ముక్కలో, 7680 దగ్గర, స్క్రీన్. 8192 నుంచి బయటి కార్ట్రిడ్జ్‌లు. బేసిక్‌కు మెమరీ తెగకుండా ఒకే వరుసలో కావాలి. 8కె తగిలించినా స్క్రీన్ ఉన్న చోటే ఉంటే ఏమవుతుంది? లోపలి 3583 బైట్లకూ బయటి 8కెకూ నడుమ స్క్రీన్ గోడలా నిలబడుతుంది, బేసిక్ ఆ గోడ దాటలేదు. మరి స్క్రీన్‌ను తీసుకెళ్లి బయటి మెమరీలో పెట్టొచ్చు కదా? కుదరదు. బొమ్మ గీసే విక్ చిప్‌కు లోపలి ర్యామ్ తప్ప కార్ట్రిడ్జ్ ర్యామ్ కనపడదు. స్క్రీన్ లోపలే ఉండాలి, కానీ దారికి అడ్డు రాకూడదు. ఇక మిగిలింది లోపలి ముక్క మొదట్లో, 4096 దగ్గర పెట్టడం. మెషీన్ ఆన్ చేసిన వెంటనే మెమరీ పరీక్షించుకుని, 8192 దగ్గర ర్యామ్ కనిపిస్తే సరిగ్గా అదే చేస్తుంది. వాడేవాడు స్విచ్ నొక్కనక్కర్లేదు, ఆదేశం ఇవ్వనక్కర్లేదు. 3కె ముక్క ఎందుకు వృథా అయింది? స్క్రీన్ 4096 దగ్గరికి రావడంతో ఆ ముక్క గోడకు అవతలి పక్కన పడిపోయింది కాబట్టి. మెషీన్ కోడ్ రాసేవాళ్లు దాన్నీ వాడుకున్నారు. ఇంతకన్నా మంచి అమరిక ఉంటే చెప్పండి, విక్ చిప్‌ను మార్చకుండా, ధర పెంచకుండా.

ఆటలు ఆగిపోయాయి కదా అంటారు. ఆగిపోయాయి. ఆపింది ఎవరు? స్క్రీన్ ఎక్కడుందో 648వ అడ్రస్‌లో మెషీనే రాసి పెట్టింది. అక్కడి విలువను 256తో గుణిస్తే స్క్రీన్ మొదలు దొరుకుతుంది. బేసిక్ ఎక్కడ మొదలవుతుందో 43, 44 అడ్రస్‌లు చెబుతాయి. జెడ్‌ఎక్స్81లోనూ 16396, 16397లలో స్క్రీన్ చిరునామా ఉంది. ఒక్క వరుస కోడ్‌తో అడిగి తెలుసుకోవలసిన సంగతిని, ప్రోగ్రామర్లు 7680 అని ముద్ర కొట్టినట్టు రాసేశారు. పత్రికల్లో అచ్చైన ప్రోగ్రామ్‌లలో అదే అంకె, వాటిని చూసి నేర్చుకున్న పిల్లల చేతుల్లోనూ అదే అంకె. 3583 బైట్లలో ఒక్క వరుస కూడా బరువేనని వాళ్ల తరఫున వాదించవచ్చు, ఆ వాదన నేను ఒప్పుకుంటాను. కానీ అప్పుడు అది ప్రోగ్రామర్ చేసుకున్న బేరం. మెషీన్ మీద ఎలా రుద్దుతారు?

ఇప్పుడు సగం చచ్చిన చిప్‌ల సంగతి. ఈ నింద వినడానికి భయంకరంగా ఉంటుంది కనుక దీనికే ప్రచారం ఎక్కువ. 1982 ఏప్రిల్‌లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 16కె మోడల్ 125 పౌండ్లు, 48కె మోడల్ 175. ఆ పైన చేర్చిన 32కె కోసం సింక్లెయిర్ వాడినవి ఎనిమిది 64 కిలోబిట్ చిప్‌లు. ఫ్యాక్టరీలో పరీక్షిస్తే ఒక సగం పని చేసి రెండో సగం చేయనివి. ఎనిమిదీ ఒకే రకం కావాలి, పై సగం పనిచేసేవో కింది సగం పనిచేసేవో. అవి ఏ రకమో బోర్డు మీద చిన్న తీగ ముక్క బిగించి మెషీన్‌కు చెప్పాలి. ‘చెత్తబుట్టలోంచి ఏరిన చిప్‌లు’ అని రాసినవాళ్లు ఉన్నారు.

చెత్తబుట్ట కాదది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాటిని 4532 అని వేరే నంబరు వేసి, ఏ సగం మంచిదో చిప్ మీదే గుర్తు పెట్టి అమ్మింది. జపాన్‌కు చెందిన ఓకీ 3732 పేరుతో అమ్మింది. పరీక్షలో నెగ్గిన సగం పూర్తి నాణ్యమైనదే. అసలు విషయం ఇంకొకటి, దాన్ని ఎవరూ ఎత్తరు. జెడ్80 ప్రాసెసర్ చూడగలిగేది మొత్తం 64కె. అందులో 16కె రోమ్‌కు పోయింది. స్క్రీన్ ఉండే కింది ర్యామ్‌కు 16కె. మిగిలిన చోటు సరిగ్గా 32కె. పూర్తిగా బాగున్న 64 కిలోబిట్ చిప్‌లు ఎనిమిది కొని పెట్టినా వాటిలో సగం ఊరికే పడి ఉండేది! వాడని సగానికి డబ్బెందుకు కట్టాలి? నిండు ధర పెట్టి కొని సగం పారేసి ఉంటే అప్పుడు అనాలి చేతకానివాళ్లని.

ఇక్కడ తెలివైన విమర్శకుడు అడ్డు తగులుతాడు: కింది 16కె చిప్‌లూ తీసేసి, ఎనిమిది మంచి 64 కిలోబిట్ చిప్‌లతోనే 48కె మొత్తం కానిచ్చేయవచ్చు కదా? ఆ ప్రశ్నకు విలువ ఉంది. జవాబు యూఎల్ఏ దగ్గర ఉంది. బొమ్మ కోసం యూఎల్ఏ కింది 16కెను చదువుతున్న వేళ ప్రాసెసర్ కూడా అక్కడికే వస్తే, యూఎల్ఏ ప్రాసెసర్ గడియారాన్ని ఆపి నిలబెడుతుంది. పై 32కె వేరే చిప్‌లలో ఉంది కాబట్టి అక్కడ ఈ అడ్డంకి లేదు, కోడ్ పూర్తి వేగంతో పరిగెడుతుంది. అందుకే ఆటలు రాసేవాళ్లు వేగం కావలసిన భాగాన్ని 32768 పైన పెట్టేవాళ్లు. మొత్తం ఒకే గుంపు చిప్‌లలో కలిపేసి ఉంటే 48కె అంతా ఆ నిరీక్షణలో పడేది. పైగా 16కె మోడల్ చౌకగా అమ్మడానికీ, కొన్నవాడు తర్వాత పెంచుకోవడానికీ వీలుండేది కాదు. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సుతో అమ్మిన డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ మీద ఆటలాడినవాళ్లు కూడా, తెలియకుండానే, ఈ విభజన ఫలితం అనుభవించినవాళ్లే.

పిసినారితనమే అసలు కారణమైతే ఖరీదైన మెషీన్‌లో ఈ వింతలు ఉండకూడదు. 1977లో 4కె మెమరీతో 1298 డాలర్లకు అమ్మిన యాపిల్ 2ను చూడండి. ఎనిమిది స్లాట్లు, తెరిచి చూసుకోగల పెట్టె, అందరూ మెచ్చుకునే డిజైన్. దానికి 1979లో వచ్చిన 16కె లాంగ్వేజ్ కార్డ్ బిగించాలంటే మెయిన్ బోర్డు మీది ఒక ర్యామ్ చిప్‌ను ఊడబీకి, ఆ సాకెట్‌లో కార్డు తాలూకు కేబుల్ గుచ్చాలి. ఖాళీగా ఉన్న అడ్రస్ చోటు 12కె మాత్రమే కాబట్టి మిగతా 4కెను అదే చోట రెండో పొరగా దాచి, కావలసినప్పుడు మార్చుకోవాలి. అందులో రాయడానికి అనుమతి కావాలంటే ఒక అడ్రస్‌ను వరుసగా రెండుసార్లు చదవాలి, పొరపాటున రాసేయకుండా ఆ కాపలా. ఇన్ని తిప్పలున్నా దాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. యాపిల్ 2 రూపకర్త స్టీవ్ వోజ్నియాక్ పేరుంటే చాతుర్యం, క్లైవ్ సింక్లెయిర్ పేరుంటే కక్కుర్తి!

అమీగా దగ్గరికొస్తే నాకే కొంచెం కాలు తడబడుతుంది. 1987 నాటి కమొడోర్ అమీగా 500 కింది తలుపులో బిగించే ఏ501 బోర్డు 512కె ఇస్తుంది. గ్రాఫిక్స్ చిప్‌లు దాన్ని వాడుకోలేవు. ప్రాసెసర్ వాడుకోగలదు గానీ ఆ చిప్‌లతో దారి పంచుకుంటూ ఆగి ఆగి వాడాలి. రెండు రకాల మెమరీల లోపాలూ ఉన్నాయి, రెండింటి గుణాలూ లేవు. ‘స్లో ర్యామ్’ అన్న పేరు ఊరికే రాలేదు. వర్క్‌బెంచ్‌లో నోఫాస్ట్‌మెమ్, ఫాస్ట్‌మెమ్‌ఫస్ట్ అనే చిన్న ప్రోగ్రామ్‌లు అవసరమయ్యాయంటే సంగతి కమొడోర్‌కూ తెలుసు. అయినా అడుగుతాను, దీనికి బదులుగా ఏం పెట్టాలి? నిజమైన వేగపు మెమరీ పక్క స్లాట్‌కు తగిలించాలంటే సొంత కంట్రోలర్, సొంత రిఫ్రెష్ ఏర్పాటు, వేరే పెట్టె కావాలి. ఏ501 ఆ పనులన్నీ మెషీన్‌లోని ఆగ్నస్ చిప్‌కే అప్పగించింది. అందుకే చవకైంది, అందుకే ఎందరో కొనగలిగారు. తర్వాత 1 మెగాబైట్ చూడగల ఆగ్నస్ వచ్చాక, బోర్డు మీద జంపర్లు మార్చితే అదే మెమరీ గ్రాఫిక్స్‌కూ పనికొచ్చింది. దీన్ని చాతుర్యం అననుగానీ చేతకానితనమనీ అనను. గడియారం కోసం ఆ బోర్డు మీద పెట్టిన బ్యాటరీ మాత్రం కారి, చుట్టూ ఉన్న రాగి గీతలను తినేసింది. దానికి నా దగ్గర సమర్థన లేదు.

కమొడోర్ 64కు తగిలించే ఆర్‌ఈయూ అనే మెమరీ డబ్బాను ఒక్క మాటలో దాటేస్తాను. అందులోని మెమరీ ప్రాసెసర్‌కు నేరుగా కనపడదు, అదీ ఒక నింద. దానికి బదులు సైకిల్‌కు ఒక బైటు చొప్పున తనే మోసుకొచ్చి పెడుతుంది. ప్రాసెసర్ మామూలు లూప్ వేసి ఒక బైటు కాపీ చేయడానికి పదికి పైగా సైకిళ్లు తీసుకుంటుంది.

ఇన్ని చెప్పినా నమ్మనివాళ్లకు ఒక పరీక్ష ఉంది, ఈ రోజు ఎవరైనా చేసుకోవచ్చు. పాత మెషీన్‌కు ఇప్పటి ఎక్స్‌పాన్షన్ తగిలించండి. ఒకే స్టాటిక్ ర్యామ్ చిప్, కొత్త కనెక్టర్, అరచేతిలో దాగే బోర్డు. చిప్ ధర లెక్కలోకే రాదు, పిసినారితనానికి అవకాశమే లేదు. జెడ్‌ఎక్స్81 మీద ఊగుడు పోతుంది. అమీగా మీద బ్యాటరీ కారడం పోతుంది. అవి తప్పులు కాబట్టి పోయాయి. కానీ మెషీన్‌లో మార్పు చేయకుండా జెడ్‌ఎక్స్81లో 32768 పైన కోడ్ నడపబోతే పాత కథే. స్పెక్ట్రమ్‌లో పాడైన 4532లు తీసి పూర్తిగా బాగున్న 4164లు వేసుకునేవాళ్లూ ఉన్నారు. అప్పుడూ ప్రాసెసర్ వాడేది 32కె మాత్రమే, మిగతా సగం నిద్రపోతూనే ఉంటుంది. విక్-20కి 35కె ఉన్న కొత్త కార్ట్రిడ్జ్ తగిలించినా స్క్రీన్ బుద్ధిగా 4096కే వెళ్తుంది. అందుకే అవి తయారుచేసేవాళ్లు కార్ట్రిడ్జ్ మీద చిన్న స్విచ్‌ల వరుస పెడుతున్నారు, 3కె ముక్కకు ఒకటి, ప్రతి 8కె ముక్కకూ ఒకటి. 7680 అని ముద్ర కొట్టినట్టు రాసిన ఆట ఆడాలనుకున్నప్పుడు వాటన్నిటినీ ఆఫ్ చేసి, 3583 బైట్ల మెషీన్‌కు తిరిగి రావాలి కదా.